కర్నల్ సి. కె. నాయుడుగారు

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో బంతియాట ఆడిన వానికి చోటేమని పెద్దలలో కొందరు శంకింపవచ్చును. బందరు పేరు చెప్పగనే మనకు కలంకారీ అద్దకము, నోబుల్ కళాశాల, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, వారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు జ్ఞప్తికి వచ్చును. భట్లపెనుమఱ్ఱు అనగనే పింగళి వెంకయ్యగారు స్ఫురింతురు. ఇవి మనము నేర్చుకొన్న పాఠములు. కాని కుప్పలు నూర్చిన పిమ్మట గుడివాడ మొదలు దివిసీమ చివర వరకు ఖాళీ చేలలో మన పిల్లలు పొద్దు క్రుంకువరకు ఆడుచున్న ఆట ఏది? క్రికెట్టే కదా. భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టును నడపిన నాయకుడు బందరు మూలములు గల తెలుగువాడని ఆ పిల్లలలో ఎందరెరుగుదురు? వారికొరకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక విషయము స్పష్టము చేయవలెను. నాయుడుగారు మన గడ్డపై జన్మింపలేదు, ఇచట పెరుగలేదు. వారి పూర్వులు మచిలీపట్టణమువారనియు, బ్రతుకుదెరువు వెదకుకొనుచు ఉత్తరమునకు తరలిపోయిరనియు ఆ వంశమును గూర్చి వ్రాసినవారు చెప్పుదురు. తాతగారైన నారాయణస్వామి నాయుడుగారు నాగపురమున పేరుగన్న న్యాయవాది, భూస్వామి, కాంగ్రెసు మహాసభలో తొలినాళ్ళనుండి ఉన్నవారు. తండ్రి సూర్యప్రకాశరావుగారు కేంబ్రిడ్జిలో చదివి, హోల్కారు సంస్థానమున న్యాయమూర్తిగా పనిచేసిరి. ఆ కేంబ్రిడ్జిలోనే చదివిన రంజిత్‌సింహ్‌జీ బ్యాటు పట్టి ఇంగ్లండును మెప్పించిన సంగతి లోకవిదితము. అట్టి ఇంట 1895 అక్టోబరు 31న కొఠారి కనకయ్య నాయుడుగారు నాగపురమున జన్మించిరి. ఇంటిపేరును ఆంగ్లమున సి అక్షరముతో వ్రాసిరి గనుక లోకమునకు సి. కె. నాయుడు అయిరి.

ఆ కాలమున బొంబాయిలో ఏటేట ఒక పెద్ద పోటీ జరుగుచుండెను. హిందువులొక జట్టు, ముసల్మానులొక జట్టు, పారసీలొక జట్టు, యూరోపియనులొక జట్టు. ఆటను మతములవారీగా పంచుట నేడు మనకు వింతగా తోచును. అప్పటికది సహజముగానే ఉండెను. 1916లో ఇరువది యొక్క సంవత్సరముల నాయుడుగారు హిందూ జట్టు తరఫున యూరోపియనులపై తొలిసారి దిగిరి. అప్పటికి ఏడు వికెట్లు పడి డెబ్బది తొమ్మిది పరుగులే వచ్చినవి. తొమ్మిదవ ఆటగాడుగా వచ్చిన ఈ యువకుడు మొదటి మూడు బంతులను అడ్డుకొని, నాల్గవదానిని సిక్సరు కొట్టెను. తరువాతి నలువది ఏడేండ్లును అదే మనిషి, అదే పద్ధతి.

1923లో ఇండోరు మహారాజు తుకోజీరావు హోల్కారు వారిని పిలిపించి తన సైన్యమున కెప్టెను పదవి నిచ్చిరి. అది క్రమముగా పెరిగి కర్నల్ అయినది. సంస్థానాధీశులు గవయులను, మల్లులను పోషించినట్లే క్రికెటు ఆటగాండ్రనుగూడ పోషించిన కాలమది. నాయుడుగారి తక్కిన జీవితమంతయు ఇండోరుతో ముడిపడినది.

వారి పేరు దేశమంతట మారుమ్రోగినది 1926 డిసెంబరు 1న. ఇంగ్లండునుండి ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఎం.సి.సి. జట్టు వచ్చి బొంబాయి జింఖానా మైదానమున హిందూ జట్టుతో ఆడుచుండెను. ముందుగా ఆడిన ఆ జట్టు 363 పరుగులు చేసెను. గయ్ ఎర్ల్ అను ఆటగాడు తొంబది నిముషములలో 130 పరుగులు చేసి, ఎనిమిది సిక్సరులు కొట్టెను. దొరలవలె కొట్టువాడు మనలో లేడని జనులు చిన్నబోయియుండిరి. మరునాడు నాయుడుగారు బ్యాటు చేతపట్టి వచ్చిరి. నూటపదునారు నిముషములలో 153 పరుగులు. అందులో సిక్సరులే పదకొండు. వారు ఆడుచున్నంతసేపు ఆ చివర నిలిచినవారికి మిగిలిన పరుగులు ముప్పది నాలుగు మాత్రమే. వార్త నగరమున ప్రాకినకొలది గుమాస్తాలు కచేరీలు విడిచి వచ్చిరనియు, చోటు చాలక చెట్లపైకిని మిద్దెలపైకిని ఎక్కి చూచిరనియు చూచినవారు వ్రాసిరి. అతిథి జట్టువారు వారికి వెండి బ్యాటు బహూకరించిరి.

ఆ రెండు గంటలకు ఫలితము పరుగులలో మాత్రమే లేదు. హిందూదేశము టెస్టులాడుటకు తగినదే యని గిల్లిగన్ నమ్మి, ఇచటి పెద్దలను ఒక సంస్థగా ఏర్పడుడని ప్రోత్సహించెను. 1928లో భారత క్రికెటు నియంత్రణ మండలి ఏర్పడినది. దానికి పునాదిరాళ్ళలో ఆ పదకొండు సిక్సరులు కూడ ఉన్నవని నా అభిప్రాయము.

1932లో భారత జట్టు ఇంగ్లండునకు పోయెను. ఇక ఇచట అసలు కథ గలదు. నాయకుడెవరు? ఆటలో అందరికంటె మేటి యెవరన్న ప్రశ్న అప్పుడు కలుగలేదు. రాజెవరన్నదే ప్రశ్న. పోర్బందరు మహారాజును నాయకునిగను, లింబ్డీ రాజవంశీయుడైన ఘనశ్యామసింహ్‌జీని ఉపనాయకునిగను నియమించిరి. పోర్బందరు మహారాజు మంచి మనిషి. తన ఆట తనకు తెలిసినవాడు. పర్యటనలో ఆయన చేసిన పరుగులు వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. కనుక తానే ప్రక్కకు తొలగెను. లింబ్డీ కుమారునకు గాయమైనది. జూన్ 25న లార్డ్స్ మైదానమున భారతదేశపు మొట్టమొదటి టెస్టులో జట్టును నడిపించు భారము ఈ విధముగా ఏ సింహాసనమును లేని నాయుడుగారిపై పడినది. ఆయన క్రింద ఆడజాలమని కొందరు మొండికెత్తిరనియు, పోర్బందరు మహారాజు గట్టిగా ఆజ్ఞాపింపగా దిగివచ్చిరనియు చెప్పుదురు. అదే నిజమైనచో, దేశమున తొలి టెస్టు నాయకుడు మైదానమున అడుగిడుటకు ముందే ఒక పోరు గెలిచినాడన్నమాట.

ఆనాటి ఉదయము ఇంగ్లండునకు పందొమ్మిది పరుగులకే మూడు వికెట్లు పడినవి. మహమ్మద్ నిస్సార్ వేగమునకు సట్‌క్లిఫ్, హోమ్స్ అనువారు నిలువలేకపోయిరి. ఫీల్డింగు చేయుచుండగా నాయుడుగారి చేతికి బలమైన దెబ్బ తగిలెను. అట్టి చేతితోనే తొలి ఇన్నింగ్సులో నలువది పరుగులు చేసిరి. భారత జట్టులో ఆ ఇన్నింగ్సుకదే అత్యధికము. ఆట 158 పరుగుల తేడాతో పోయినది గాని, మూడు దినములు అనుకొన్న ఆటలో మనవారు పరువు నిలుపుకొనిరని ఇంగ్లీషు పత్రికలే ఒప్పుకొన్నవి. ఆ జట్టులో నిస్సార్, వజీర్ అలీ, నజీర్ అలీ, జహాంగీర్ ఖాన్ ఉండిరి. దేశ విభజన తరువాత ఆ నలువురును పాకిస్తానువారైరి. తెలుగు నాయకుడొకడు, పంజాబు బౌలరొకడు ఒకే చొక్కా తొడిగి లార్డ్స్‌లో నిలిచిన దినమది.

ఆ పర్యటనలోని ఇరువది యారు పెద్ద ఆటలలో నాయుడుగారు ఒక్కటియు విడువలేదు. 1,618 పరుగులు చేసిరి, 65 వికెట్లు తీసిరి. అప్పటికి వారి వయస్సు ముప్పది యారు. బర్మింగ్‌హామ్‌లో వారు కొట్టిన ఒక సిక్సరు రీ అను చిన్న యేటిని దాటి పడెను. ఆ యేరు అప్పుడు రెండు జిల్లాలకు సరిహద్దు గనుక, బంతి ఒక జిల్లాలో బయలుదేరి మరొక జిల్లాలో దిగినదని నేటికిని చెప్పుకొందురు. బందరు కాలువకీవల కొట్టిన బంతి ఆవలి గట్టున పడినట్లనుకొనుడు. క్రికెటునకు పంచాంగము వంటిదైన విజ్డెన్ 1933లో ఆ యేటి ఐదుగురు ఉత్తమ ఆటగాండ్రలో వారినొకరిగా పేర్కొనెను.

1933-34లో జార్డిన్ జట్టు మనదేశమునకు వచ్చినప్పుడు మూడు టెస్టులకును నాయుడుగారే నాయకులు. మనదేశమున జరిగిన మొదటి టెస్టు బొంబాయిలో, డిసెంబరు మాసమున. లాలా అమర్‌నాథ్ అందులో శతకము చేసెను. ఆయనకు అండగా నిలిచి 67 పరుగులు చేసి, ఇరువురును కలిసి 186 జోడించుటకు తోడ్పడినవారు నాయుడుగారు. ఆ టెస్టును, మదరాసు టెస్టును ఓడితిమి. కలకత్తాలో డ్రా అయినది.

1936 పర్యటనను గూర్చి వ్రాయుటకు మనసొప్పదు. ఈసారి నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు పోయెను. ఆయనయు తెలుగు రాజవంశమువాడే. మదరాసునుండి వచ్చిన కోటా రామస్వామిగారును తెలుగువారే. ఒక జట్టులో ఇందరు తెలుగువారుండుట మనకు గర్వకారణము కావలసినది. కాని నాయకునకు, నాయుడుగారికి పొసగలేదు. జట్టు రెండు వర్గములైనది. అమర్‌నాథ్‌ను నడుమనే ఇంటికి పంపివైచిరి. ఆటకంటె రాజకీయమెక్కువైనది. పోర్బందరు మహారాజు 1932లో చూపిన వివేకము విజయనగరమువారు చూపియుండినచో ఆ కథ వేరుగా ఉండెడిది. ఓవల్ మైదానమున జరిగిన కడపటి టెస్టులో గబ్బీ అలెన్ విసరిన బంతి నాయుడుగారి దేహమునకు బలముగా తగిలెను. వారు మైదానము విడువక 81 పరుగులు చేసిరి. టెస్టులలో వారి అత్యధికమదే, చివరి టెస్టును అదే. పిమ్మట యుద్ధము వచ్చినది. భారత జట్టు మరల టెస్టాడునప్పటికి పదియేండ్లు గడచిపోయినవి.

కనుక లెక్కల పుస్తకము తెరచిన ఏడు టెస్టులు, 350 పరుగులు, సగటు ఇరువది యైదు అని మాత్రమే కనిపించును. నేటి కుఱ్ఱవారు ఇంతేనా అని పెదవి విరువవచ్చును. తొలి టెస్టు ఆడునప్పటికే ముప్పది యారేండ్లు నిండినవని, అంతకుముందు ఆడుటకు టెస్టులే లేవని వారికి చెప్పవలెను. అన్ని పెద్ద ఆటలును కలిపినచో 207 ఆటలు, 11,825 పరుగులు, 26 శతకములు, 411 వికెట్లు.

వయస్సు మీరిన తరువాతనే వారి ఇండోరు వైభవము. హోల్కారు జట్టు నాలుగుమారులు రంజీ ట్రోఫీ గెలిచెను. ముస్తాక్ అలీ, సర్వటే, నింబాల్కర్, నాయుడుగారి తమ్ముడు సి. ఎస్. నాయుడు ఆ జట్టులోనివారు. 1945-46లో మైసూరుపై ఆ జట్టు ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేసెను. ఆరుగురు శతకములు చేసిరి, వారిలో నాయుడుగారొకరు. అదే యేడు ఫైనలులో బరోడాపై 200 పరుగులు చేసిరి. అప్పటికి ఏబది నిండినవి! క్రమశిక్షణలో వారు కడు కఠినులు. దెబ్బ తగిలినదని మైదానము విడుచుట వారికి గిట్టదు. తమ్ముడని సి. ఎస్.ను కనికరింపలేదు. 1944-45 ఫైనలులో ఆయనచే ఒకే ఆటలో 917 బంతులు వేయించిరి. ఈ కాఠిన్యము కొందరు యువకులను వారికి దూరము చేసినమాట నిజమే. కాని ఇతరులకు పెట్టిన నియమమును తమకును పెట్టుకొనిరి. ఏబది యారవ యేట బొంబాయితో ఆడుచుండగా వేగపు బంతి తగిలి పండ్లు రాలెననియు, వానిని పిచ్చిపైనుండి ప్రక్కకు నెట్టి మరల బ్యాటు పట్టిరనియు చెప్పుకొందురు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. ఆ యేటనే ఆంధ్ర జట్టు తొలిసారిగా రంజీ ట్రోఫీలో దిగినది. కొత్త జట్టు, అనుభవము లేని పిల్లలు. దానికి నాయకులుగా వచ్చినవారు ఏబది యెనిమిదేండ్ల నాయుడుగారు. విజయముల నెరిగిన జట్టును విడిచి, గెలుపు దుర్లభమని తెలిసిన జట్టునకు నాయకత్వము వహించుట చిన్న సంగతి కాదు. బందరు విడిచిపోయిన వంశము ఈ విధముగా ఒక్కసారి తెలుగునాటికి తిరిగివచ్చినది.

అంతటితోనైన విశ్రమించిరా? 1956లో పద్మభూషణ బిరుదమందుకొనిరి. ఆ బిరుదు పొందిన మొదటి క్రికెటు ఆటగాడు వారే. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టు తరఫున రాజస్థానుపై 84 పరుగులు చేసిరి. వయస్సు అరువది యొకటి. 1963లో ఒక ధర్మార్థపు ఆటలో మహారాష్ట్ర గవర్నరు జట్టు తరఫున కడపటిసారి బ్యాటు పట్టినప్పుడు అరువది యెనిమిది. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూసిరి.

నియంత్రణ మండలి 1994 నుండి వారి పేరిట జీవితసాఫల్య పురస్కారము నిచ్చుచున్నది. కుమార్తె చంద్ర నాయుడుగారు మనదేశమున క్రికెటు వ్యాఖ్యానము చెప్పిన తొలి మహిళ, 2021లో పరమపదించిరి. తండ్రిగారి జీవితమును ఆమె ఆంగ్లమున గ్రంథముగా వ్రాసిరి. మన గ్రంథాలయమున ఆ గ్రంథమునకు ఒక చోటు కల్పింపవలెనని కార్యదర్శిగారికి మనవి.