గాడిచర్ల వారు జైలు నుంచి వచ్చాక

రాయలసీమ పేరు, గ్రంథాలయోద్యమం తలచుకోగానే గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గుర్తుకొస్తారు. జైలు నుంచి వచ్చాక ఆయన పడిన అవస్థ మాత్రం మన పిల్లలకు అంతగా తెలియదు. అందుకే ప్రత్యేక సంచికకు ఈ నాలుగు మాటలు.

1883లో కర్నూలులో జన్మించి, మద్రాసులో ఎం.ఏ. చేశారు. వందేమాతరం ఉద్యమంలో చేరినందుకు 1907లో రాజమండ్రి ట్రైనింగు కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. సర్కారు కొలువు తలుపులు మూసుకున్నాయి. బెజవాడ స్వరాజ్య పత్రికలో తిరునెల్వేలి కాల్పులను ఖండిస్తూ వ్రాసిన సంపాదకీయానికి 1908లో రాజద్రోహం కేసు పెట్టారు. కింది కోర్టు ఆరు నెలలు వేస్తే, చాలదని ప్రభుత్వం హైకోర్టుకెక్కి మూడేళ్లు చేయించింది. వెల్లూరు జైలులో దొంగలు, హంతకుల నడుమ ఆ శిక్ష అనుభవించారు.

విడుదలైన మనిషికి నిలువ నీడ కరువైంది. పోలీసుల భయంతో ఆశ్రయమివ్వడానికి జనం జంకారు. చేతిలో ఎం.ఏ. పట్టా ఉన్నా ఉద్యోగం లేదు. సర్వీసులో చేరేటప్పుడు పోలీసు విచారణ కాగితం కోసం కాచుకున్న మనకు ఆ బాధ వేరే చెప్పాలా? నేడు మా రహమత్ నగర్‌లోనైనా జైలుకు వెళ్లివచ్చిన వాడికి ఇల్లు అద్దెకిచ్చేవారు ఎందరు?

అప్పుడు ఆదుకున్నవారు కొమర్రాజు లక్ష్మణరావు గారు. ఆయన మునగాల జమీందారు వద్ద దివాను. దొరల కోపానికి వెరవడానికి కారణాలు ఆయనకూ ఉన్నాయి. అయినా చేరదీసి, తగిన పని చూపించారు. మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కూర్పులో గాడిచర్ల వారు తోడుగా కూర్చున్నారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇది.

1927లో మద్రాసు శాసనమండలికి ఎన్నికయ్యారు. ఆ పైన 1960లో కన్నుమూసేదాకా గ్రంథాలయాలు, వయోజన విద్య అంటూ ఊరూరా తిరిగారు.