పరదేశంలో వెలిగిన ఆల్ఫోన్సో ఫోర్డ్

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, గ్రీన్‌వుడ్ పట్టణంలో 1971లో జన్మించిన ఆల్ఫోన్సో ఫోర్డ్ కళాశాల బాస్కెట్‌బాల్‌లో నాలుగేళ్లలో 3,165 పాయింట్లు సాధించాడు. అంతటి ఆటగాడికి స్వదేశపు ఎన్‌బీఏ పోటీలలో దక్కినవి కేవలం 11 ఆటలు. పొట్ట చేతబట్టుకొని సముద్రాలు దాటక తప్పలేదు. మొదట స్పెయిన్, ఆ తరువాత గ్రీసు.

ఏథెన్సులో నిలదొక్కుకుంటున్న వేళ, 1997లో, రక్త క్యాన్సర్ ఉన్నట్లు బయటపడింది. ఆ సంగతి ఆత్మీయులకు తప్ప తెలియనీయలేదు. తెలిస్తే జట్లు ఒప్పందానికి వెనుకాడేవేమో! వ్యాధిని మోస్తూనే ఏడు సీజన్లు ఆడాడు. పెరిస్తేరి వంటి చిన్న జట్టు తరఫున 2001లో, ఒలింపియాకోస్ తరఫున 2002లో, ఐరోపా అగ్రశ్రేణి క్లబ్బుల పోటీ యూరోలీగ్‌లో సగటు పాయింట్లలో అందరికంటే ముందు నిలిచాడు. ఇటలీలోని సియెనా జట్టును 2003లో ఆ పోటీ చివరి నాలుగింటిలోకి చేర్చిన వారిలో అతడే ముఖ్యుడు.

చివరి జట్టు పెజారో. 2004లో ఆ జట్టు ఇటలీ కప్పు తుదిపోరు ఆడింది. ఆగస్టు నెలాఖరున, ఇక ఆడే శక్తి లేదని అభిమానులకు లేఖ ద్వారా తెలియజేశాడు. కొద్ది రోజులకే, సెప్టెంబరు 4న, అమెరికాలోని మెంఫిస్ నగరంలో కన్నుమూశాడు. అప్పటికి వయసు 32 ఏళ్లే. యూరోలీగ్‌లో అత్యధిక సగటు సాధించిన ఆటగాడికిచ్చే ట్రోఫీకి ఆ మరుసటి సీజను నుంచే అతని పేరు పెట్టారు.