వేగమునకు పగ్గములు: కరివర్ధన్ జీవితము

రథమనగానే మన మనస్సు ముందుగా గుఱ్ఱముల మీదికి పోవును. పగ్గములు పట్టిన సారథియు, నేలను తాకుచు దొరలు చక్రమును తరువాత గాని జ్ఞప్తికి రావు. భారతకథ నెఱిగిన తెలుగువానికి మాత్రము ఈ మఱపు తగదు. కర్ణుని విలువిద్యకు కొఱత లేదు. నేలలో క్రుంగినది రథచక్రము. మోటారు కారు విషయమునను సత్య మిదియే. ఇంజను బలమును గూర్చి ముచ్చటించువారు పదిమంది యున్నచోట స్ప్రింగులను, బ్రేకులను, టైరులను గూర్చి ఆలోచించువాడు ఒక్కడుండును. సామాన్యుని కారు ఇంజనును తీసికొని, దాని చుట్టు పందెపు బండిని నిర్మించి, మన దేశపు మోటారు పందెముల తీరునే మార్చిన సుందరం కరివర్ధన్ అట్టివాడు.

కరివర్ధన్ 1954లో కోయంబత్తూరున జన్మించెను. ఆ నగరము తమిళదేశమున నున్నను, అచట తరతరములుగా ఇంట తెలుగు మాటలాడు నాయుళ్ళ కుటుంబములు పెక్కు గలవు. 1910లో లక్ష్మీ మిల్లును స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడుగారి కుటుంబము అట్టి వానిలో నొకటి. కరివర్ధన్ ఆ కుటుంబమునకు చెందినవాడు. నూలు మిల్లు ఉన్నచోట యంత్రములు చెడుట సహజము. చెడినవానిని బాగుచేయు నేర్పరులు పుట్టుటయు సహజము. మిల్లుల వెంట పోతపని కొలుములును, మిల్లు యంత్రముల కర్మాగారములును, నీటి పంపుల పరిశ్రమయు అచట వెలసెను. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళనిల నడుమ ప్రయాణికులను చేరవేయ మొదలిడి, పిమ్మట గొప్ప నిర్మాతగా పేరొందిన జి. డి. నాయుడుగారిదియు ఆ ప్రాంతమే. ఆయనదియు తెలుగు కుటుంబమే. చేతికి నూనె అంటుటను చిన్నతనముగా తలపని ఊరది. ఆ గాలి పీల్చి పెరిగిన బాలునకు కారు విలాసవస్తువుగా గాక విప్పి చూడదగిన పాఠ్యపుస్తకముగా తోచుటలో వింత లేదు.

ఆయన యౌవనకాలమున మన దేశమున కార్లకు కఱవు. విదేశముల నుండి తెప్పించుకొనుట మిక్కిలి దుర్లభము. ఇచట తయారగు అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డు బండ్లలో నొకటి దొరకుటయే భాగ్యము. పందెములకు ప్రత్యేకమైన బాట కూడ లేదు. మద్రాసునకు ఉత్తరమున షోలవరము వద్ద, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానములు దిగుటకు వేసిన బాటయే మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారికి పందెపు రంగమయ్యెను. విమానపు బాట తిన్నగాను పొడవుగాను ఉండును. దాని చివర చటుక్కున మలుపు తిరుగవలెను. తిన్నని బాటపై ఎవ్వరైనను పరుగెత్తగలరు. మలుపు వద్ద వేగము తగ్గించి, బండిని అదుపులో నుంచి, మరల ముందునకు దూకువాడే గెలుచును. కరివర్ధన్ ఈ రంగముననే పేరు గడించెను.

వీధికారును ఇట్టి రంగమునకు దింపదలచువాడు మూడు విషయములు నేర్వవలెను. మొదటిది టైరు. కారు ఎంత పెద్దదైనను నేలను తాకునది నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే. ఇంజను బలమును, బ్రేకు పట్టును, మలుపులోని నిలుకడయు ఈ నాలుగు అరచేతుల ద్వారముననే నేలకు చేరవలెను. అందుచే పొడి బాటపై పందెమునకు గాళ్ళు లేని మెత్తని రబ్బరు టైరులు వాడుదురు. గాళ్ళు లేనందున ఎక్కువ రబ్బరు నేలను పట్టును. వాన కురిసినపుడు ఆ టైరులే ప్రాణాపాయకరములు. నీటిని ప్రక్కలకు త్రోయుటకు గాళ్ళు కావలెను. టైరు వేడెక్కిన కొలది లోపలి గాలి పీడనము పెరుగును. కావున చల్లగా నున్నపుడే ఆ పెరుగుదలను లెక్కించి, కొంత తక్కువ గాలి నింపుదురు. భౌతికశాస్త్ర పాఠములోని వాయునియమము ఇచట గడియగడియకు పరీక్షకు నిలుచును.

రెండవది బ్రేకు. 800 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవునపుడు దాని గతిజశక్తి సుమారు 3,09,000 జౌళ్ళు. బండి ఆగినపుడు ఈ శక్తిలో అధికభాగము బ్రేకులలో వేడిగా మారును. 30 డిగ్రీల వద్దనున్న ఒక లీటరు నీటిని మరుగు స్థితికి తెచ్చుటకు ఇంచుమించు ఇంత వేడియే చాలును. వేగము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. వీధిలో ఎప్పుడో ఒకసారి గట్టిగా బ్రేకు వేయుదుము. పందెములో ప్రతి చుట్టునందు పలుమారులు వేయవలెను. బ్రేకులు చల్లారుటకు వ్యవధి యుండదు. అపుడు బ్రేకు ద్రవము మరిగి బుడగలు కట్టును. ద్రవము నలుగదు గాని బుడగ నలుగును. అందుచే పెడలు నేలకంటినను చక్రమాగదు. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. పాతబడిన కొలది తక్కువ వేడికే మరుగును. కావున తెలిసినవారు ఇంజనును ముట్టుటకు ముందే క్రొత్త ద్రవము పోసి, వేడికి తాళు బ్రేకు ప్యాడ్లు అమర్చి, గాలి తగులునట్లు మార్గము కల్పింతురు.

మూడవది సస్పెన్షను. ఇంటిల్లిపాది సుఖముగా కూర్చుండుటకు వీధికారు స్ప్రింగులను మెత్తగా చేయుదురు. మలుపులో ఆ మెత్తదనము వలననే బండి ఒక ప్రక్కకు ఒరిగి, బరువెల్ల వెలుపలి చక్రముల మీద పడి, లోపలి చక్రముల పట్టు సడలును. పందెపు బండి స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు గట్టివి. దాని ఎత్తు తక్కువ. అట్లని మితిమీరి గట్టిపరచినచో చిన్న గతుకునకే చక్రము ఎగిరి నేలను విడుచును. నేలను విడిచిన చక్రము ఎంత మంచిదైనను నిష్ప్రయోజనము. వీణ తీగను బిగించునట్లే ఇచటను ఒక మితము గలదు. ఆ మితమును కనిపెట్టుటయే విద్య.

ఈ విద్యకు ధనము కన్న బుద్ధి ముఖ్యమని లోకమున ముందే ఋజువైనది. ఇంగ్లండులో కోలిన్ చాప్మన్ అను యువకుడు 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును తీసికొని తన తొలి పోటీ బండిని నిర్మించెను. 1952లో లోటస్ సంస్థను స్థాపించి, తేలికదనముతోను సస్పెన్షను నేర్పుతోను తనకన్న బలమైన ఇంజన్లను ఓడించెను. మన దేశమున అట్టి సాహసము కరివర్ధన్ చేసెను. 1983 డిసెంబరులో మారుతి 800 కారు బజారుకు వచ్చినది. దాని ఇంజను 796 ఘనపు సెంటీమీటర్ల చిన్న యంత్రము. ముందు చక్రములను త్రిప్పుటకు ఏర్పడినది. 1980ల ఉత్తరార్ధమున ఆయన ఆ యంత్రమును చోదకుని వీపు వెనుక నుంచి, ఒక్కరు మాత్రమే కూర్చుండదగిన తేలికైన పందెపు బండిని రూపొందించెను. అదియే ఫార్ములా మారుతి.

ఆ బండి గొప్పదనము దాని వేగములో లేదు. చెడిన భాగము ఊరిలోని దుకాణమున దొరకును; బాగుచేయుటకు మన మెకానిక్కు చాలును. అంతకన్న ముఖ్యమైనది మఱొకటి గలదు. అంతవరకు విదేశపు బండి తెప్పించుకొనగల ధనికునకును, పాత ఫియట్ సవరించుకొన్న వానికిని ఒకే రంగమున పోటీ యుండెడిది. ఫలితము పందెమునకు ముందే తెలియుచుండెను. అందఱికిని ఒకే ఇంజను, ఒకే విధమైన బండి ఇచ్చినపుడు మిగులునది చోదకుని నేర్పు, బండిని సరిదిద్దుకొను ఓపిక మాత్రమే. తాను స్వయముగా సంపన్న కుటుంబమున పుట్టియు, సంపదకు గల ఆధిక్యమును పందెము నుండి తగ్గించుటకు పాటుపడుట ఆయన జీవితమున మెచ్చదగిన విశేషము.

ఆ కృషి వృథా కాలేదు. 1990లో మద్రాసు సమీపమున ఇరుంగాట్టుకోట్టై వద్ద పందెములకే ప్రత్యేకించిన బాట తెఱువబడెను. ఆయన బంధువు, కోయంబత్తూరు బాలుడు నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా మారుతితోనే పందెములలో అడుగిడి, 2005లో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యెను. ఆ దినమును చూచుటకు కరివర్ధన్ లేడు. 1995 ఆగస్టులో విమాన ప్రమాదమున ఆయన మరణించెను. కోయంబత్తూరు చెంత చెట్టిపాళయమున 2003లో ప్రారంభమైన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరును నిలుపుచున్నది.

మోటారు పందెములు మన హైదరాబాదునకును వచ్చినవి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరమున 2.83 కిలోమీటర్ల బాటపై విద్యుత్తు కార్లు పోటీపడెను. బ్రేకు వేసినపుడు వేడిగా పోవు శక్తిలో కొంత ఆ బండ్లు మరల బ్యాటరీలోనికి చేర్చుకొనును. ఆనాడు బ్రేకులను కాల్చిన వేడియే ఈనాడు బండికి ఆహారమగుచున్నది.

నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల యంత్రముల మ్రోత వినుచు పెరుగు నాగారం విద్యార్థికి ఈ జీవితము దూరపు కథ కాదు. పనిముట్లును, పనివారును, పాఠశాలలో నేర్చిన సూత్రములును అతనికి చేరువలోనే యున్నవి. కాని ఒక హద్దు మఱువరాదు. పందెపు బండి స్థానము పందెపు బాటయే. వీధిలో తిరుగు వాహనమును తయారీదారు నిర్ణయించిన స్వరూపము నుండి ఇష్టము వచ్చినట్లు మార్చుట మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధమని 2019లో సుప్రీంకోర్టు స్పష్టపఱచెను. గాళ్ళులేని టైరు వానవీధిలో జాఱును. గట్టి స్ప్రింగు గతుకుల దారిలో పట్టు విడుచును. బాటపై గుణమైనదే వీధిలో దోషమగును. ఉపాధ్యాయులు గతిజశక్తి పాఠము చెప్పునాడు ఒక లీటరు నీటిని కాచి చూపి, ఆ వేడి యంతయు ఒక్క కారు ఆగుటలో నున్నదని వివరించినచో, వేగము విలువయు బ్రేకు విలువయు బాలురు ఒక్కమారే గ్రహింతురు. తన ఇరువదియవ యేట మోటారు సైకిలెక్కు బాలునకు ఆ గ్రహింపు ప్రాణరక్ష కాగలదు.