పొరుగు ఆదరణ నెరిగిన నేత

పాట పాడిన నేరానికి నిజాము రాజ్యంలో చదువు పోగొట్టుకొన్న ఒక విద్యార్థి, కాలాంతరాన పొరుగు రాజ్యాలతో భారతదేశపు సంబంధాలను దిద్దే పదవి నధిష్ఠించినాడు. ఆయనే పాములపర్తి వేంకట నరసింహారావు.

1921 జూన్ 28న నర్సంపేట దాపున లక్నేపల్లిలో జన్మించి, దత్తపుత్రుడై నాటి కరీంనగరం జిల్లాలోని వంగర గ్రామానికి చెందినవారైనారు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాలలో వందేమాతర గీతాలాపన నిషేధింపబడగా విద్యార్థులు తరగతులు బహిష్కరించినారు. ఆ అలజడి వరంగల్లు కళాశాలకు కూడా వ్యాపించినది. బహిష్కృతులైన విద్యార్థులలో నరసింహారావుగారొకరు.

నిజాము రాజ్యంలో చదువుకొనే తోవ మూసుకొనిపోయిన ఆ యువకులను నాగపూరు విశ్వవిద్యాలయం చేరదీసినది. హైదరాబాదు సంస్థానం వేరు, నాగపూరున్న మధ్యపరగణాలు వేరు. ఒక ప్రభుత్వం అపరాధమన్నదానిని పొరుగు విద్యాపీఠం అపరాధంగా నెంచలేదు. ఆ ఆదరణయే లేకున్న ఎందరో తెలంగాణా బిడ్డల చదువు నడుమనే ఆగిపోయి ఉండేది. నరసింహారావుగారు పూనా ఫెర్గుసన్ కళాశాలలోను, నాగపూరులోను చదివి న్యాయశాస్త్ర పట్టభద్రులైనారు. మరాఠీ గడ్డపై గడిపిన కాలం వృథా కాలేదు. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను ఆయన తెలుగు చేసినారు; విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోనికి తెచ్చినారు.

1947-48లో సంస్థాన విమోచనోద్యమం సాగుతుండగా ఆయన మరల ఎల్ల దాటవలసివచ్చినది. ఆదిలాబాదు జిల్లాకు వార్ధానది ఆవలనున్న చాందాలో ఉద్యమ శిబిరం వెలసినది. అక్కడ ఆయన పనిచేసినారు. ఈవల గట్టున నిర్బంధం, ఆవల గట్టున ఆశ్రయం. పొరుగువాని మంచితనం ఎంతటి బలమో ఆయనకు అనుభవంలో తెలిసిన సంగతి.

1957 నుండి 1977 వరకు మంథని ప్రజలు ఆయనను శాసనసభకు పంపినారు. 1971లో ముఖ్యమంత్రియై భూసంస్కరణలకు పూనుకొన్నారు. 1980లో కేంద్రంలో విదేశాంగ మంత్రి అయినారు. 1983 ఆగస్టులో ఏడు దక్షిణాసియా దేశాల విదేశాంగ మంత్రులు ఢిల్లీలో సమావేశమై ప్రాంతీయ సహకార ప్రకటన చేసినప్పుడు ఆతిథేయ మంత్రి ఆయనే. ఆ బీజమే 1985 డిసెంబరులో ఢాకాలో సార్క్ సంస్థగా మొలకెత్తినది. 1986 బెంగుళూరు శిఖరసభ సభ్యదేశాల విద్యార్థులకు ఉపకారవేతనాలు, విద్వాంసులకు ఆచార్యపీఠాలు కల్పించ నిశ్చయించినది. అప్పుడాయన మానవవనరుల మంత్రి. ప్రధానమంత్రిగా 1995 మేలో ఢిల్లీ శిఖరసభకు అధ్యక్షత వహించినారు.

ఈ మైత్రికి హద్దులున్నవి. ప్రతి నిర్ణయం ఏకగ్రీవం కావాలనీ, ఇరుదేశాల తగవులు సభలో చర్చింపరాదనీ సార్క్ నియమం. ఆ నియమమే సంస్థను నిలిపినది, ఆ నియమమే దాని కాళ్లకు బంధమైనది. 2016లో ఇస్లామాబాదున జరుగవలసిన శిఖరసభ జరుగక ఆగిపోయినది. నరసింహారావుగారి పాలనకును మచ్చ లేకపోలేదు. 1992లో బాబ్రీ మసీదు కూల్చివేతను ఆపలేకపోయిన నింద ఆయనను వెంటాడినది.

2004 డిసెంబరు 23న ఆయన కన్నుమూసినారు. 2024లో భారతరత్న లభించినది. ఆయన మరణానంతరం, 2010లో, సార్క్ దేశాలు కూడి ఢిల్లీలో దక్షిణాసియా విశ్వవిద్యాలయాన్ని తెరచినవి. పొరుగు దేశపు విద్యార్థికి పాఠశాల తలుపు తెరచుట రాజ్యాల మైత్రికి తొలిమెట్టు. ఆ మెట్టు విలువ 1938లోనే నాగపూరు ఎరుగును. వంగర బిడ్డ ఎరుగును.