ఉప్పు నేరం, కల్లు నేరం

స్వేచ్ఛ అంటే చట్టానికి లోబడి బతకడమా, చట్టం పట్టుకు దూరంగా బతకడమా అన్న ప్రశ్న రాజనీతి తరగతుల్లో తరచూ వినిపిస్తుంది. ఉద్దానంలో పెరిగిన నాకు ఆ ప్రశ్న ఎదురైనప్పుడల్లా సర్దార్ గౌతు లచ్చన్న జీవితమే గుర్తుకొస్తుంది. ఆ జీవితం అడిగే ప్రశ్న ఇంకొకటి: చట్టం చేసినచోట, దాని దెబ్బ తినే కులం ఉన్నదా?

లచ్చన్న 1909 ఆగస్టు 16న సోంపేట దగ్గరి బారువలో కల్లుగీత కులంలో జన్మించారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో బారువ తీరాన సముద్రపు నీటితో ఉప్పు తయారు చేశారు. పలాసలో విదేశీ వస్త్ర బహిష్కరణకు దిగి అరెస్టయ్యారు. టెక్కలి, నరసన్నపేట సబ్‌జైళ్లలో ఉంచిన తరువాత న్యాయస్థానం నెల రోజుల శిక్ష వేయగా, బరంపురం జైలులో దాన్ని అనుభవించారు. ఇంటి ముందు సముద్రం ఉన్నవాడు ఉప్పు చేసుకుంటే నేరమన్న శాసనం ఈ తీరంలో ఎవరినీ అడిగి చేసింది కాదు. మందస జమీందారీలో అడవి కలప గొడవా అలాంటిదే. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీర గున్నమ్మ బలైంది.

పరాయి పాలన పోయాక ఈ తగవు తీరిపోవలసింది. తీరలేదు. 1948 నాటికి మద్య నిషేధం మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించింది. తాతల నాటి నుంచి తాడిచెట్టు ఎక్కినవాడు ఒక్కసారిగా నేరస్థుడయ్యాడు. తాగుడుతో గుల్లైన ఇళ్లలోని స్త్రీల దుఃఖాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ సంస్కరణ ఖరీదు ఎవరు చెల్లించారో చూడాలి. దాన్ని ఆశయంగా చెప్పుకున్న పెద్దల్లో ఎవరి జీవనోపాధీ పోలేదు. గీత కులాలకు చెట్టు తప్ప సెంటు భూమి లేని ఇళ్లు ఎన్నో.

లచ్చన్న గీత కార్మికుల సత్యాగ్రహానికి నాయకత్వం వహించారు. తెల్లవాడిపై వాడిన ఆయుధాన్నే స్వరాజ్య ప్రభుత్వంపై ఎత్తారు. వేలమంది జైళ్లకు వెళ్లారు. నిషేధం ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసినా ప్రకాశం ప్రభుత్వం అంగీకరించలేదు. ఆ వివాదంలోనే 1954 నవంబరు 6న శాసనసభలో ఒకే ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఆంధ్ర చరిత్ర పుస్తకాలు దీన్ని పార్టీల ఎత్తుగడగా రెండు వాక్యాల్లో ముగిస్తాయి. చెట్టెక్కేవాళ్ల ప్రస్తావన వాటిలో అరుదు.

ఆయన దారి అంతటా నాకు నచ్చుతుందని కాదు. జమీందారీలపై పోరాడిన మనిషి రంగాతో కలిసి స్వతంత్ర పార్టీలోకి వెళ్లి, మాజీ సంస్థానాధీశుల పక్కన కూర్చున్నారు. ప్రభుత్వం చేతిలో అధికారం పోగుపడితే మొదట నలిగేది చిన్న రైతేనన్న భయం అందుకు కారణం కావచ్చు. ఆ పొత్తు వెనుకబడిన కులాలకు ఏం మిగిల్చిందన్న ప్రశ్న మాత్రం నాకు నేటికీ ఉంది.

ఆ భయం పూర్తిగా ఉత్తది కాదని 1975 చూపించింది. అత్యవసర పరిస్థితిలో, అరవై అయిదు దాటిన వయసులో లచ్చన్న మళ్లీ జైలు పాలయ్యారు. 1930లో ఆయనకు ఒక కోర్టు, ఒక శిక్ష, ఒక విడుదల తేదీ ఉన్నాయి. ఈసారి నిర్బంధితులకు విచారణే లేదు. తమను ఎందుకు బంధించారని వాళ్లు కోర్టును అడిగే వీలు కూడా లేదని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే తేల్చింది.