ఓటు లేని మేస్త్రీ నుండి చట్టసభ సభ్యుడి దాకా: దలీప్ సింగ్ సౌంద్

అమెరికా అనగానే మనకు వీసాలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు గుర్తుకొస్తాయి. కానీ ఒకప్పుడు భారతదేశంలో పుట్టినవారికి ఆ దేశ పౌరసత్వం లేదు, ఓటు లేదు. కాలిఫోర్నియా రాష్ట్రంలో సెంటు భూమి కొనే హక్కు కూడా లేదు. అలాంటి రోజుల్లో అక్కడికి వెళ్ళి, పత్తి కూలీల మేస్త్రీగా పనిచేసి, చివరకు ఆ దేశ చట్టసభలోనే కూర్చున్న దలీప్ సింగ్ సౌంద్ గారి జీవితాన్ని మన హాస్టల్ మిత్రులకు పరిచయం చేస్తున్నాం.

సౌంద్ గారు 1899 సెప్టెంబర్ 20న పంజాబ్‌లోని అమృత్‌సర్ జిల్లా ఛజ్జల్‌వాడీ గ్రామంలో జన్మించారు. కుటుంబం కలిగినదే అయినా తల్లిదండ్రులు బడి ముఖం చూడనివారు. చదువు విలువ తెలిసిన తండ్రి, బాబాయిలు కలిసి ఊళ్ళో ఒక బడి పెట్టించారు. 1919లో గణితంలో బి.ఏ. పూర్తిచేసి, 1920లో ఆయన అమెరికా చేరుకున్నారు. అంబేద్కర్ గారు కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన కొన్నేళ్ళకే అన్నమాట.

బర్క్‌లీలో చదివేటప్పుడు ఆయన ఉన్నది కూడా ఒక రకమైన హాస్టల్‌లోనే. స్టాక్టన్ గురుద్వారా వారు భారతీయ విద్యార్థుల కోసం నడిపే ఇంట్లో అద్దె లేకుండా ఉండేవారు. సెలవుల్లో పండ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు. అలా కష్టపడి 1924లో గణితంలో డాక్టరేట్ సాధించారు.

డాక్టరేట్ చేతికొచ్చింది కానీ దానికి తగిన ఉద్యోగం రాలేదు. ఎందుకో తెలుసుకోవాలంటే అప్పటి ప్రజాభిప్రాయాన్ని తెలుసుకోవాలి. ఆసియా వాళ్ళు తక్కువ కూలికి వచ్చి తమ పని లాక్కుంటారని అక్కడి కార్మికులు భయపడ్డారు. పత్రికలు ఆ భయాన్ని పెంచాయి. 1907లో బెల్లింగ్‌హామ్ పట్టణంలో మూక దాడి చేసి భారతీయ కూలీలను తరిమేసింది. ఓట్లు ఎటుంటే నాయకులు అటే కదా! 1917లో అధ్యక్షుడు విల్సన్ తిరస్కరించినా లెక్కచేయకుండా, ఆసియాలోని అధిక భాగం నుండి వలసలను నిషేధించే చట్టం చేశారు. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉండటంతో సౌంద్ గారు రాగలిగారు.

1923లో సుప్రీంకోర్టు తీర్పు మరో దెబ్బ. భగత్ సింగ్ థిండ్ అనే మాజీ సైనికుడు (మన అమరవీరుడు భగత్ సింగ్ వేరు) పౌరసత్వం కోసం పోరాడారు. తాను ఉన్నత కులంలో పుట్టిన ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాడినేనని వాదించారు. సామాన్య అమెరికన్ దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడంటూ కోర్టు ఆ వాదనను కొట్టేసింది. కులం గొప్ప చెప్పుకుంటే సముద్రం అవతల అదీ చెల్లలేదు. జనం దృష్టే చట్టమైపోయింది.

సౌంద్ గారు ఆ జనం దృష్టినే మార్చాలనుకున్నారు. 1925లో ఇంపీరియల్ వ్యాలీకి వెళ్ళి పత్తి తీసే కూలీలకు మేస్త్రీగా చేరారు. తరువాత సొంతంగా వ్యవసాయం చేశారు. పగలంతా పొలం పని, వీలు చిక్కినప్పుడల్లా చర్చిల్లో, క్లబ్బుల్లో భారతదేశం గురించి ఉపన్యాసాలు. 1930లో మన దేశాన్ని కించపరిచిన ఒక పుస్తకానికి జవాబుగా 'మై మదర్ ఇండియా' రాశారు. ఓటు లేనివాడు ఓటున్నవారి మనసు గెలవడం తప్ప వేరే మార్గం లేదు. ఆ పని ఆయన ఏళ్ళ తరబడి చేశారు.

1942లో తోటి భారతీయులతో సంఘం పెట్టి పౌరసత్వం కోసం ఉద్యమించారు. తూర్పు తీరాన జె.జె. సింగ్ గారు ఇదే పనిలో ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధం కూడా కలిసొచ్చింది. 25 లక్షల భారతీయ సైనికులు మిత్రదేశాల పక్షాన పోరాడుతుంటే వారి జాతిని అంటరానిదిగా చూడటం అమెరికాకే ఇబ్బంది అయింది. అక్కడి రెండు పార్టీలకు చెందిన సెల్లర్, క్లేర్ బూత్ లూస్ కలిసి బిల్లు తెచ్చారు. 1946 జూలై 2న అది చట్టమైంది. ఏడాదికి కేవలం 100 మందికి ప్రవేశం. కానీ పౌరసత్వానికి తలుపు తెరుచుకుంది.

1949 డిసెంబర్‌లో సౌంద్ గారు పౌరుడయ్యారు. 1950లో స్థానిక జడ్జి పదవికి పోటీచేసి గెలిచినా, పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదని ఆ ఎన్నికను రద్దు చేశారు. నిరాశపడకుండా 1952లో మళ్ళీ పోటీచేసి గెలిచారు. 1956లో ఏకంగా అమెరికా ప్రతినిధుల సభకు పోటీ! ప్రత్యర్థి ధ్వని వేగాన్ని దాటిన తొలి మహిళా పైలట్ జాక్వెలిన్ కాక్రన్. సౌంద్ గారు భార్యాబిడ్డలతో కలిసి ఇల్లిల్లూ తిరిగి గెలిచారు. ఆ నియోజకవర్గంలో భారతీయులు బహు కొద్దిమంది. అంటే ఏ సామాన్య అమెరికన్ పేరు చెప్పి కోర్టు పౌరసత్వం కాదన్నదో, ఆ సామాన్య అమెరికనే 33 ఏళ్ళ తరువాత ఆయనకు ఓటేశాడు.

మూడుసార్లు గెలిచిన ఆయన 1962లో పక్షవాతానికి గురయ్యారు. 1973 ఏప్రిల్ 22న కన్నుమూశారు. ఆయన సభలో లేని కాలంలోనే, 1965లో, దేశాలవారీ కోటాలను రద్దుచేసే చట్టం వచ్చింది. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్ళగలిగింది ఆ తరువాతే.

మిత్రులారా, ఎక్కువమంది నమ్మినంత మాత్రాన ఏదీ న్యాయం అయిపోదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ నమ్మకం రాతి మీద గీత కూడా కాదని ఈ జీవితం చెబుతోంది. సౌంద్ గారు ఓటు కోసం 29 ఏళ్ళు ఎదురుచూశారు. మనకు రాజ్యాంగం 18 ఏళ్ళకే ఇస్తోంది. ఓటర్ల జాబితాలో పేరు ఎక్కించుకుందాం. మనల్ని తక్కువగా చూసేవారితో కూడా నిలబడి మాట్లాడటం నేర్చుకుందాం.