దేహరక్షక భటులను చూపిన మెచ్నికాఫ్

అరికాలిలో ముల్లు విరిగితే మరునాటికి ఆ చోటు ఎర్రబడి, వాచి, చీము పట్టడం మనమెరిగినదే. ఆ చీములో అధికభాగం మనకొరకు పోరాడి మరణించిన తెల్ల రక్తకణాలే. ఈ సత్యానికి దారి చూపిన శాస్త్రజ్ఞుడు ఎలీ మెచ్నికాఫ్.

ఆయన 1845లో, నాటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కోవ్ సమీప గ్రామంలో జన్మించారు. పిన్నవయసులోనే ఒడెస్సాలో జంతుశాస్త్రాచార్యులయ్యారు. కాని 1873లో ప్రథమ భార్య లుద్మిలా క్షయవ్యాధికి బలి అయింది. దుఃఖాతిశయంతో ఆయన ప్రాణత్యాగానికి పూనుకొని, దైవికంగా బ్రతికారు. 1880లో ద్వితీయ భార్య ఓల్గా టైఫాయిడ్ వాతబడి కోలుకొన్నది. రోగమంటే ఏమిటో ఆయన గ్రంథాలలోకంటె ముందు తన ఇంటనే చూచారు.

1882లో ఉద్యోగం విడిచి సిసిలీ ద్వీపంలోని మెస్సీనా చేరారు. ఒకనాడు ఇంటివారు సర్కస్ చూడబోగా, నక్షత్రచేప డింభకాల పారదర్శక దేహాలలో సంచరించే కణాలను సూక్ష్మదర్శినితో పరిశీలిస్తున్నారు. ఇవి చొరబడిన శత్రువును ఎదిరించేవి కాబోలునని ఆయనకు తోచింది. తోటలోని గులాబీ ముళ్ళు తెచ్చి ఆ డింభకాలలో గుచ్చారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారి చూడగా ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి! ఆ జీవికి రక్తనాళాలు లేవు. కనుక కణాలు తమంతట తామే కదలివచ్చాయన్నమాట. వాపు కేవలం రోగలక్షణం కాదనీ, అది ఆత్మరక్షణ ప్రయత్నమనీ ఆయన గ్రహించారు. 1884లో నీటి ఈగల దేహంలో ప్రవేశించిన శిలీంధ్రబీజాలను కణాలు మ్రింగివేయడం చూపారు. కణాలు గెలిస్తే ఈగ బ్రతికింది, ఓడితే మరణించింది. ఇట్టి కణాలకు భక్షక కణాలని పేరు వచ్చింది.

జర్మనీ శాస్త్రజ్ఞులు పలువురు దీనిని అంగీకరింపలేదు. రోగక్రిములను నశింపజేసేది రక్తద్రవమే గాని కణాలు కావన్నారు. 1888లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ ఆయనకు ఆశ్రయమిచ్చింది. తుదకు 1903లో ఇంగ్లండులో ఆల్మ్రాత్ రైట్, రక్తద్రవంలోని కొన్ని పదార్థాలు క్రిములను అంటుకొని, కణాలు వాటిని సులభంగా భక్షించేటట్లు చేస్తాయని నిరూపించారు. వాదించిన ఉభయపక్షాలలోనూ సత్యమున్నది! 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికాఫ్, ప్రతిపక్షానికి చెందిన పాల్ ఎర్లిక్ కలిసి పంచుకొన్నారు.

1916లో ఆయన పారిస్‌లో కన్నుమూశారు. చితాభస్మం పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో భద్రపరచబడింది. జీవితంపై ఆశ వదలుకొన్న మనిషే, మన దేహం కడవరకు ఆశ వదలుకోదని లోకానికి చూపారు. విద్యార్థులు మననం చేసుకోదగిన జీవితమిది.